శాండో పూసుకున్న తెల్ల పౌడరు

ముందే చెప్పేస్తున్నా, నా తెలుగు అంత గొప్పది కాదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. మా క్లబ్ ఎడిటర్ అక్క దిద్దినవి పోగా ఇంకా తప్పులు మిగిలితే అవన్నీ నావే. కానీ ఈ వ్యాసం నేను రాయాల్సిందే. ఎందుకో చెప్తాను.

పోయిన సెమిస్టర్‌లో స్పోర్ట్స్ మీట్ పోస్టర్ చేసింది నేనే. హాస్టల్లో నా పక్క రూమ్‌వాడు పవర్‌లిఫ్టింగ్ చేస్తాడు. వాడిది పాలకొండ దగ్గర ఒక పల్లెటూరు. వాడు డెడ్‌లిఫ్ట్ చేస్తుండగా ఎవరో తీసిన ఫోటో ఒకటి చాలా బాగా వచ్చింది. దాన్నే పోస్టర్ మధ్యలో పెట్టాను. వాడు నల్లగా ఉంటాడు. వెనకాల బ్యాక్‌గ్రౌండ్ కూడా డార్క్. ముఖం సరిగ్గా కనిపించడం లేదని ఒక స్లైడర్ కొంచెం జరిపాను. తర్వాత ఇంకొంచెం. చెయ్యి ఊరుకోలేదు, నడుమును కాస్త లోపలికి నొక్కాను. పొట్ట మీద నీడలు పెంచి సిక్స్ ప్యాక్ తెప్పించాను. అంతా కలిపి పది నిమిషాల పని. పోస్టర్ చూసి అందరూ సూపర్ అన్నారు. వాడేమీ అనలేదు. వాట్సాప్‌లో వాళ్ళమ్మకి పంపించుకున్నాడు. ఆవిడ చూసి, పోస్టర్ బాగుంది గానీ ఇందులో నీ ఫోటో ఎందుకు వెయ్యలేదు అని అడిగిందట.

వాడు ఈ సంగతి నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం ఆ రాత్రి మెస్‌లో అన్నం సహించలేదు.

ఆ తర్వాత చాలా రోజులు ఒకటే ప్రశ్న. నాకెవరూ చెప్పలేదు కదా, ఫిట్‌గా ఉన్న ఒళ్ళంటే ఇలాగే ఉండాలని నా చేతికి ఎలా తెలిసింది? జిమ్ గోడ మీద పోస్టర్లు, ప్రోటీన్ డబ్బాల మీద బొమ్మలు, రీల్స్... అన్నీ ఒకేలా ఉంటాయి. ఇది ఎక్కడ మొదలైందా అని వెతుక్కుంటూ వెనక్కి వెనక్కి వెళ్తే ఒక మనిషి దగ్గర ఆగాను. చిత్రం ఏంటంటే ఆ పేరు చిన్నప్పటి నుంచి మా ఇంట్లో వింటున్నదే. చేతుల్లేని బనియన్‌ని మా నాన్న శాండో బనియన్ అంటాడు. అది ఆయన పేరు మీద వచ్చిందేనని అంటారు. ఆ శాండో కథే ఇది.

అసలు పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ ముల్లర్. 1867 ఏప్రిల్ 2న ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు కలినిన్‌గ్రాడ్ అనే పేరుతో రష్యాలో ఉంది. చిన్నప్పుడు తాను చాలా బలహీనంగా ఉండేవాణ్ణని, నాన్నతో ఇటలీ వెళ్ళి అక్కడి మ్యూజియాల్లో పాత శిల్పాలు చూశానని, అలాంటి ఒళ్ళు తెచ్చుకోవాలని అప్పుడే అనుకున్నానని తర్వాత రోజుల్లో ఆయనే చెప్పుకున్నాడు. నిజమో కాదో గానీ, ముందు బక్కపలచగా, తర్వాత కండలతో అనే ఈ బిఫోర్-ఆఫ్టర్ కథ మనకి బాగా తెలిసిందే కదా. ఇప్పుడు ప్రతి ఫిట్‌నెస్ పేజీలో మొదటి పోస్ట్ అదే.

పద్దెనిమిదేళ్ళ వయసులో, సైన్యంలో చేరాల్సి వస్తుందని ఊరు వదిలేశాడు. అంటే 1885 ప్రాంతంలో, మనం ఫస్ట్ ఇయర్‌లో చేరే వయసులో. సర్కస్‌లలో పనిచేస్తూ దేశాలు తిరిగాడు. బ్రస్సెల్స్‌లో అట్టిలా అనే పేరుతో వ్యాయామం నేర్పే లూయీ డర్లాకర్ దొరికాడు. బరువులు ఎత్తడం పద్ధతిగా నేర్పింది ఆయనే. చిన్న డంబెల్స్‌తో ఆగిపోకుండా, క్రమంగా పెంచుకుంటూ పోయి పెద్ద బరువులు ఎత్తించాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. యూజెన్ శాండో అనే పేరు కూడా ఆ రోజుల్లోనే తగిలించుకున్నాడు.

1889 అక్టోబర్‌లో లండన్ వచ్చాడు. అక్కడ శాంప్సన్ అనే బలశాలి తన శిష్యుడు సైక్లప్స్‌తో కలిసి ప్రదర్శనలిస్తూ, మమ్మల్ని గెలిచేవాళ్ళు ఎవరైనా ఉంటే రండి అని రోజూ సవాలు విసిరేవాడు. శాండో స్టేజ్ ఎక్కి ఇద్దర్నీ ఓడించాడు. ఒక్క రాత్రిలో పేరు వచ్చేసింది. అప్పటికి వయసు ఇరవై రెండు.

ఇక్కడిదాకా ఇది ఒక బలవంతుడి కథ. 1893లో అమెరికా వెళ్ళాక అది అందగాడి కథ అయిపోయింది. ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ అనే కుర్ర నిర్మాత ఆయన్ని షికాగోలోని ట్రోకడెరో థియేటర్‌కి తెచ్చుకున్నాడు. జనం శాండో ఎత్తే బరువుల కన్నా ఆయన ఒంటినే ఎక్కువ చూస్తున్నారని జీగ్‌ఫెల్డ్ గమనించాడు. అంతే, ప్రోగ్రామ్ మారిపోయింది. బరువులెత్తడం తగ్గి, నిలబడి కండలు చూపించడం పెరిగింది. షో అయ్యాక డబ్బున్న ఇళ్ళ ఆడవాళ్ళు స్టేజ్ వెనక్కి వచ్చి ఆయన కండలు ముట్టుకుని చూసే ఏర్పాటు కూడా చేశాడు. ఊళ్ళో పెద్ద పేరున్న బెర్తా పామర్ కూడా అలా వచ్చినావిడే. పేపర్లకి అంతకంటే ఏం కావాలి.

అసలు ఆ పౌడరు సంగతి ఇది. పాలరాతి శిల్పంలా కనిపించడానికి శాండో ఒళ్ళంతా తెల్ల పౌడరు పూసుకునేవాడు. వెనక నల్లటి తెర, పైనుంచి లైటు. గ్రీకు, రోమన్ శిల్పాలు ఎలా నిలబడి ఉంటాయో అలా నిలబడేవాడు. ఫోటోలు కూడా అదే పద్ధతిలో, ఒక ఆకు మాత్రం అడ్డం పెట్టుకుని తీయించుకున్నాడు. ఆ ఫోటోలు కార్డులుగా అచ్చయి ఊరూరా అమ్ముడుపోయాయి. పుట్టుకతోనే తెల్లగా ఉన్న యూరప్ మనిషికి కూడా తన తెలుపు చాలలేదన్నమాట.

ఇంతకంటే విచిత్రం ఇంకోటుంది. ఆ శిల్పాలు అసలు తెల్లనివి కావు! గ్రీకులు, రోమన్లు తమ విగ్రహాలకి రంగులు వేసేవాళ్ళు. చర్మానికి, జుట్టుకి, కళ్ళకి, బట్టలకి. వందల ఏళ్ళు మట్టిలో, ఎండావానల్లో ఉండి ఆ రంగులు పోయాయి. ఇప్పుడు అతినీలలోహిత కాంతిలో చూస్తే రంగుల ఆనవాళ్ళు ఇంకా దొరుకుతున్నాయి. కానీ 18వ శతాబ్దంలో వింకెల్‌మన్ లాంటి జర్మన్ పండితులు ఆ వెలిసిపోయిన తెలుపునే అందం అనుకుని, అదే అందానికి కొలత అని పుస్తకాలు రాశారు. తర్వాత తరాలు దాన్ని సత్యం అనుకున్నాయి. అంటే శాండో కాపీ కొట్టింది గ్రీకు అందాన్ని కాదు, రంగు వెలిసిన గ్రీకు అందాన్ని. మన భాషలో చెప్పాలంటే డేటాసెట్‌లోనే తప్పుంది. దాని మీద కట్టిన మోడల్ అంతా ఆ తప్పునే నేర్చుకుంది.

అదే 1893లో, అదే షికాగోలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది. వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ జరిగింది కూడా ఆ సందర్భంలోనే. ఆ ప్రదర్శనలో ప్రధాన భవనాలన్నీ తెల్లగా ఉండేవి కాబట్టి దాన్ని శ్వేతనగరం అన్నారు. పక్కనే మిడ్‌వే అని వినోదాల వీధి. అక్కడ పశ్చిమాఫ్రికాలోని దహోమీ, అంటే ఇప్పటి బెనిన్ నుంచి తెచ్చిన మనుషులతో ఒక పల్లె కట్టి, టికెట్ పెట్టి చూపించారు. ఒకే ఊరు, ఒకే వేసవి. ఒక చోట తెల్ల ఒళ్ళు చూసి మనిషి ఇలా ఉండాలి అనుకున్నారు. ఇంకో చోట నల్ల ఒళ్ళు చూసి మనిషి ఎక్కడ మొదలయ్యాడో అనుకున్నారు. రెండు చోట్లా జనం డబ్బిచ్చి చూసింది మనిషి ఒంటినే. పత్రికలు రాసింది మాత్రం రెండు రకాలుగా.

1894 మార్చిలో శాండో ఎడిసన్ స్టూడియోకి వెళ్ళాడు. సినిమా అనేది ఇంకా పుడుతున్న రోజులు. కెమెరా ముందు కండలు తిప్పి చూపించాడు. నిమిషం కూడా లేని ఆ ఫిల్మ్ ఇప్పటికీ ఆన్‌లైన్‌లో చూడొచ్చు. నేనూ నా పక్క రూమ్‌వాడూ కలిసి చూశాం. సౌండ్ లేదు, మాట లేదు, అటు తిరిగి ఇటు తిరిగి కండ చూపించడమే. ఇది రీల్ కదరా అన్నాడు వాడు. నిజమే. సినిమాకి ఇంకా కథ కూడా రానప్పుడే ఫిట్‌నెస్ రీల్ వచ్చేసింది.

తర్వాత శాండో వ్యాపారి అయ్యాడు. 1897లో లండన్ సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లో వ్యాయామశాల తెరిచాడు. 1898లో పత్రిక పెట్టాడు. స్ప్రింగ్ డంబెల్స్, రబ్బరు తాళ్ళ ఎక్సర్‌సైజర్, పుస్తకాలు, తర్వాత కోకో పొడి, ఆడవాళ్ళకి కార్సెట్ కూడా అమ్మాడు. ఒంటి కొలతలు పంపిస్తే పోస్టులోనే వ్యాయామం నేర్పే పద్ధతి పెట్టాడు. మెడ ఎంత, ఛాతీ ఎంత, దండ ఎంత అని టేపుతో కొలిచి రాసుకోవడం వేలమంది ఇళ్ళల్లో అలవాటైంది. అద్దం ముందు నిలబడి, ఫోటోలో శాండోతో పోల్చుకోవడం కూడా.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇక్కడికి. శాండో తన ఒళ్ళు పెంచుకుంది అట్టిలా దగ్గర ఎత్తిన పెద్ద బరువులతో, ఏళ్ళ తరబడి సర్కస్ పనితో. పోస్టులో అమ్మింది మాత్రం చేతిలో ఇమిడే తేలిక డంబెల్స్. రోజూ కాసేపు చేస్తే చాలన్నాడు. తేలిక వ్యాయామం మంచిదే, నేను కాదనను. కానీ డబ్బా మీద బొమ్మ ఒకటి, డబ్బాలో సరుకు ఇంకోటి. ఈ లెక్క కూడా ఆయనతోనే మొదలైందేమో.

ఆయన్ని ఒట్టి మోసగాడిగా రాయడం మాత్రం న్యాయం కాదు. అప్పటిదాకా కండలంటే సర్కస్ వాళ్ళకో, కూలి వాళ్ళకో అనుకునేవాళ్ళు. ఆఫీసులో కూర్చునే గుమాస్తా కూడా తన ఒళ్ళు బాగుచేసుకోవచ్చని చెప్పింది శాండో. ఆడవాళ్ళకీ వ్యాయామం కావాలన్నాడు. బడి పిల్లలకి కావాలన్నాడు. షెర్లాక్ హోమ్స్ రాసిన కానన్ డాయిల్ ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. ఈ రోజు మన హాస్టల్ జిమ్ ఉందంటే అందులో ఆయన వాటా ఉంది.

1901 సెప్టెంబర్ 14న లండన్ ఆల్బర్ట్ హాల్లో పెద్ద పోటీ పెట్టాడు. ప్రపంచంలో మొదటి పెద్ద బాడీబిల్డింగ్ పోటీ అదే అంటారు. హాలు నిండిపోయింది. జడ్జీలు శాండో, శిల్పి ఛార్లెస్ లాస్, కానన్ డాయిల్. ఒళ్ళు ఎలా ఉండాలో తేల్చడానికి ఒక శిల్పిని పిలిచారంటేనే సంగతి అర్థమవుతుంది. నాటింగ్‌హామ్ నుంచి వచ్చిన ముర్రే గెలిచాడు. బహుమతి ఏమిటో తెలుసా? శాండో బొమ్మే. ఇప్పటికీ మిస్టర్ ఒలింపియా గెలిచినవాళ్ళకి ఇచ్చేది శాండో విగ్రహమే.

అప్పుడు దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరుగుతోంది. సైన్యంలో చేరడానికి వచ్చిన బ్రిటిష్ కుర్రాళ్ళలో చాలామంది బలహీనంగా ఉన్నారని వెనక్కి పంపించేస్తున్నారు. మన జాతి క్షీణించిపోతోందని పత్రికలు గోల పెట్టాయి. అందుకే ఒంటి అందం అనేది ఒక మనిషి సొంత విషయం కాకుండా జాతి విషయం అయిపోయింది. ఆ ఏడాదే లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం శాండో ఒంటికి ప్లాస్టర్ పోసి మొత్తం అచ్చు తీయించింది. ఎందుకు? ప్రపంచ జాతుల నమూనాల్లో యూరప్ జాతికి ఆదర్శ నమూనాగా పెట్టడానికి. ఆ అచ్చు ఎక్కువ కాలం ప్రదర్శనలో నిలవలేదు, లోపల పెట్టేశారు. కానీ ఆలోచన మాత్రం నిలిచింది.

ఇప్పుడు మన వైపు చూడండి. ఆ 1901లోనే మన దేశంలో జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిజ్లీ ముక్కు వెడల్పుని బట్టి కులాలకీ తెగలకీ హెచ్చుతగ్గులు కట్టే సిద్ధాంతం నడిపించాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ కొలత సాధనాలు పట్టుకుని ఊళ్ళు తిరిగి మనుషుల ముక్కులు, తలలు కొలిచాడు. 1909లో ఏడు సంపుటాల పుస్తకం వేశాడు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే అందులో మన తెలుగు జిల్లాలు కూడా ఉన్నాయి. శాండోని కొలిచిన టేపు ఆయన్ని పైన నిలబెట్టడానికి. మన ముత్తాతల్ని కొలిచిన సాధనం కింద ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి.

1904-05లో శాండో ఇండియా కూడా వచ్చాడు. కలకత్తా, బొంబాయిల్లో ప్రదర్శనలిచ్చాడు. ఇక్కడి మగవాళ్ళు పిరికివాళ్ళు, ఒంట్లో సత్తువ లేనివాళ్ళు అని తెల్లదొరలు తేలిగ్గా మాట్లాడే కాలం అది. కాబట్టి శాండోని చూసి మనవాళ్ళు రెండు రకాలుగా కదిలారు. కొందరు ఆయన పేరే తగిలించుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత హాథీ మేరే సాథీ సినిమా తీసిన తమిళ నిర్మాత చిన్నప్ప దేవర్ పేరు ముందు శాండో అని ఉండేది. ఇంకొందరు మా పద్ధతి మాకుందన్నారు.

ఆ రెండో రకంలో మొదట చెప్పుకోవాల్సింది మన కోడి రామ్మూర్తి నాయుడు గారిని. ఈ పేరు నాకు చెప్పింది మా పక్క రూమ్‌వాడే. రామ్మూర్తి గారిది వీరఘట్టం, వీడి ఊరికి దగ్గరే. దండీలు, బస్కీలు, ప్రాణాయామం ఆయన పద్ధతి. సొంత సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు. గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్నారని, ఊపిరి బిగబట్టి ఇనప గొలుసులు తెంపారని ఇప్పటికీ ఉత్తరాంధ్రలో కథలుగా చెప్పుకుంటారు. మన జనం కలియుగ భీముడు అన్నారు. ఇంగ్లీషు వాళ్ళకి మాత్రం ఆయన ఇండియన్ హెర్క్యులస్. మెచ్చుకోవడానికి కూడా వాళ్ళ కొలబద్దే కావాల్సొచ్చింది. నాకు సిగ్గేసిన విషయం ఏంటంటే, బనియన్ వల్ల శాండో పేరు నాకు ఐదేళ్ళ వయసులోనే తెలుసు. రామ్మూర్తి గారి పేరు పంతొమ్మిదో ఏట తెలిసింది.

మళ్ళీ శాండో దగ్గరికి వద్దాం. 1906లో బ్రిటిష్ పౌరుడయ్యాడు. 1911లో ఐదో జార్జి చక్రవర్తికి వ్యాయామ శిక్షకుడిగా నియమించారు. అంతకంటే పైకి ఏం వెళ్తాడు? కానీ 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మనీ మీద బ్రిటన్‌లో ద్వేషం రగిలింది. యూరప్ జాతికి ఆదర్శ నమూనా అని అచ్చు పోయించుకున్న మనిషి ఉన్నట్టుండి జర్మన్ అయిపోయాడు. గూఢచారి అని పుకార్లు పుట్టాయి. 1916లో కోకో కంపెనీ మూతపడింది. ఒళ్ళు అదే, కండలు అవే, చూసే కళ్ళు మారాయి. కొలత రాసేవాళ్ళ దయ మీద బతికినవాడికి ఆ కొలత ఎప్పుడైనా మారొచ్చు. ఇది చదివినప్పుడు మాత్రం ఆయన మీద జాలేసింది.

1925 అక్టోబర్ 14న, 58 ఏళ్ళకే చనిపోయాడు. గుంటలో పడ్డ కారుని ఒంటిచేత్తో ఎత్తబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని జనం చెప్పుకున్నారు. రికార్డుల్లో ఉన్నది గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బి పగలడం. చూశారా, చావుకి కూడా ఫిల్టర్ వేశారు. లండన్‌లో పట్నీ వేల్ శ్మశానంలో పూడ్చారు. భార్య ఇష్టపడకపోవడంతో సమాధి మీద పేరు కూడా లేదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మంది చూసిన ఒళ్ళు డెబ్భై ఏళ్ళకు పైగా పేరు లేని మట్టి కింద ఉండిపోయింది. ఈ శతాబ్దంలోనే అక్కడ రాయి పెట్టారు.

ఇదీ కథ. ఇప్పుడు నా సంగతి. శాండో తన ఒంటి మీద తానే పౌడరు పూసుకున్నాడు, అది ఆయనిష్టం. నేను ఇంకొకడి ఒంటి మీద పూశాను, వాణ్ణి అడక్కుండా. అదీ వాడు నిజంగా బరువు ఎత్తుతున్న ఫోటో మీద. ఆ ఎత్తడంలో వాడి నల్లటి చేతుల మీద నరాలు తేలాయి, పొట్ట బెల్టులోంచి ముందుకు వచ్చింది. నిజంగా పెద్ద బరువు ఎత్తేటప్పుడు పొట్ట లోపలికి పోదు, ఊపిరి నింపి బిగించాలి కాబట్టి బయటికే వస్తుంది. వాడు చెప్తే తెలిసింది. నేను చెరిపేసింది సరిగ్గా వాడి బలం ఉన్న చోటునే.

పాత ఫైల్ ఇంకా నా ల్యాప్‌టాప్‌లో ఉంది. నేను వేసిన లేయర్లన్నీ ఒక్కొక్కటే ఆఫ్ చేశాను. కింద వాడు ఉన్నాడు. ఆ ఫోటో వాడికి పంపించి సారీ చెప్పాను. వాడు దాన్ని వాళ్ళమ్మకి ఫార్వర్డ్ చేశాడు. ఈసారి ఆవిడ బిడ్డని గుర్తుపట్టింది గానీ, ఇంత చిక్కిపోయావేంట్రా, మెస్‌లో సరిగ్గా తినట్లేదా అని తిట్టిందట. అమ్మల కొలతలు వేరే.

ఈ వ్యాసంతో పాటు వెయ్యడానికి అదే ఫోటో ఇవ్వమని అడిగాను. వాడు ఇవ్వనన్నాడు. నువ్వు మళ్ళీ ఏం చేస్తావో నాకు నమ్మకం లేదురా అని నవ్వాడు. అందుకే ఈ పేజీలో ఫోటో లేదు.